ప్రీస్కూల్లో పిల్లల పళ్ళు: టీచర్ చేతిలో ఏముంది, ఏం లేదు

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: మూడు నుంచి ఐదేళ్ల లోపు పిల్లలు 24 మంది, టీచర్లు ఇద్దరు, చేతులు కడుక్కునే సింకు ఒక్కటే. ఏడాదికోసారి దంతవైద్యుణ్ణి పిలిపిస్తున్నారు, గోడల మీద చార్టులు ఉన్నాయి, పళ్ళు తోమే పాట పిల్లలందరికీ నోటికి వచ్చు. అయినా నవ్వితే పుచ్చిపళ్ళు కనిపించే పిల్లలు తగ్గడం లేదు. టీచర్లు ఇంకేం చేయాలి, ఎంతవరకు చేయవచ్చు?

పాఠం మీద పెట్టిన శ్రమలో సగం టైంటేబుల్ మీద పెట్టి ఉంటే ఈపాటికి తేడా కనిపించేదని నా అభిప్రాయం. తీపి తింటే పళ్ళు పుచ్చుతాయని నాలుగేళ్ల పిల్లకి తెలిసినంత మాత్రాన ఒరిగేది పెద్దగా ఉండదు. ఏం తినాలో, ఎప్పుడు తినాలో, ఎన్నిసార్లు తినాలో నిర్ణయించేది ఆ పిల్ల కాదు, పెద్దవాళ్లు. బడిలో ఉన్న నాలుగైదు గంటలూ ఆ పెద్దవాళ్లు మీరే. కాబట్టి మీ చేతిలో నిజంగా ఉన్నవి మూడు: నోట్లోకి తీపి ఎన్నిసార్లు వెళ్తోంది, రోజుకోసారైనా ఫ్లోరైడ్ (పన్నుని పుచ్చు నుంచి కాపాడే పదార్థం) ఉన్న పేస్ట్ పంటికి తగులుతోందా, ఆ నోరు వంక ఎవరైనా చూస్తున్నారా. పాటలూ చార్టులూ వీటికి తోడు మాత్రమే.

ముందు ఒక మాట. "పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడేవే" అని తల్లిదండ్రులు తప్పకుండా అంటారు, ఒక్కోసారి మీ తోటి టీచర్లూ అంటారు. దీనికి జవాబు సిద్ధంగా పెట్టుకోండి. పాలపళ్ళు 20. ముందు పళ్ళు ఆరేడేళ్లకి ఊడతాయి, నిజమే. కానీ వెనక దవడ పళ్ళు 10 నుంచి 12 ఏళ్ల దాకా నమలాల్సినవి. నాలుగేళ్ల పిల్లకి పుచ్చిన దవడ పన్ను ఇంకా ఆరేడేళ్లు పనిచేయాలన్నమాట. దాన్ని ముందే తీసేయాల్సి వస్తే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి జరుగుతాయి, కిందనుంచి వచ్చే శాశ్వత పన్నుకి చోటు చాలదు. పైగా పాలపన్ను మీది గట్టి పొర, ఎనామిల్, శాశ్వత పన్నులో ఉండే మందంలో దాదాపు సగమే. లోపల నరం ఉండే గది మాత్రం పన్ను సైజుకి పెద్దది. అందుకే పెద్దవాళ్లలో ఏళ్లు పట్టే పుచ్చు పిల్లల్లో నెలల్లోనే నరం దాకా పోతుంది. నొప్పి ఉన్న పిల్ల సరిగా తినదు, నిద్రపోదు. పగలు మీ తరగతిలో చిరాకు పడుతూ కూర్చునేది ఆ పిల్లే.

తినే వేళలు

పుచ్చు ఎలా వస్తుందో ఒక్కసారి పక్కాగా తెలుసుకుంటే మిగతా నియమాలు గుర్తుపెట్టుకోవాల్సిన పని ఉండదు. పంటి మీద పాచిలో ఉండే బ్యాక్టీరియా చక్కెరను తిని ఆమ్లం వదులుతుంది. తీపి నోట్లో పడ్డ కొద్ది నిమిషాలకే పాచిలో పీహెచ్ (ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత) సుమారు 5.5 కంటే కిందికి దిగుతుంది, అక్కడినుంచి పన్నులోని ఖనిజం కరగడం మొదలవుతుంది. తిండి ఆగాక లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి మామూలు స్థితికి తేవడానికి 20 నుంచి 40 నిమిషాలు, కొందరిలో ఇంకా ఎక్కువే పడుతుంది. ఆ తర్వాత లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ మళ్ళీ పంటిలోకి చేరతాయి. కరగడం, పూడడం రోజంతా నడిచే బేరం. కరిగే సమయం ఎక్కువైతే పన్ను పుచ్చుతుంది.

ఇప్పుడు మీ తరగతిలో ఒక మూల చూడండి. మూత గ్లాసులో పళ్ళరసం పెట్టుకుని ఒక పిల్లాడు తొమ్మిదింటి నుంచి పన్నెండింటి దాకా పావుగంటకో గుక్క తాగుతున్నాడు. మొత్తం తాగింది ఒక చిన్న గ్లాసే. కానీ ప్రతి గుక్కకీ లెక్క మళ్ళీ మొదటికొస్తుంది కాబట్టి ఆ మూడు గంటల్లో పంటికి కోలుకునే సందే దొరకలేదు. అదే గ్లాసు భోజనంతో పాటు ఐదు నిమిషాల్లో తాగేస్తే పన్ను నష్టపోయేది ముప్పావుగంట. ఎంత అన్నదానికంటే ఎన్నిసార్లు అన్నది ముఖ్యం అనడానికి కారణం ఇదే.

దీన్ని టైంటేబుల్లో పెట్టడం తేలిక. తినే వేళలు ఖాయం చేయండి, రెండు వేళల మధ్య కనీసం రెండు గంటలు ఉండాలి. ఆ మధ్యలో మంచినీళ్ళు తప్ప ఇంకేదీ వద్దు. నీళ్ళ సీసాలో నీళ్ళే ఉన్నాయా అని పొద్దున్నే ఒకసారి చూడండి, రంగు నీళ్ళు బోలెడన్ని దొరుకుతాయి. పళ్ళరసం "ఆరోగ్యమే కదా" అని పంపేవాళ్లకి చెప్పాల్సింది ఒక్కటే: చక్కెర కలపకపోయినా రసంలో చక్కెర ఉంటుంది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఏడాదిలోపు పిల్లలకి రసం అసలే వద్దంటుంది, 1 నుంచి 3 ఏళ్ల వాళ్లకి రోజుకి 120 మిల్లీలీటర్లు మించవద్దంటుంది. పండు కోసి పెడితే ఈ గొడవ లేదు.

ఇంకో పొరపాటు మెత్తని బిస్కెట్లు, చిప్స్. తియ్యగా లేవు కాబట్టి మంచివే అనుకుంటారు. తిన్న పావుగంటకి పిల్లని నోరు తెరవమని చూడండి, కింది దవడ పళ్ళ గుంటల్లో ముద్దలా అతుక్కుని ఉంటుంది. ఎండు పళ్ళూ అంతే. ఇవి తినకూడదని కాదు, భోజనంతో పాటు పెట్టి, తర్వాత నీళ్ళు తాగించండి. విడిగా చిరుతిండిగా వద్దు.

బహుమతిగా చాక్లెట్ ఇచ్చే అలవాటు ఉంటే అది రేపటి నుంచే మానేయాల్సింది. స్టాంపు వేయండి, వరసలో ముందు నిలబెట్టండి, కథ ఎంచుకోనివ్వండి. పుట్టినరోజు మిఠాయిలు ఆపడం కష్టం, 24 మంది ఉన్న గదిలో సగటున నెలకి రెండు పుట్టినరోజులు. వాటిని పూర్తిగా నిషేధిస్తే తల్లిదండ్రులతో గొడవ తప్ప మిగిలేది లేదు. వచ్చింది ఏదైనా భోజనం వేళలోనే పంచుతామని నియమం పెడితే చాలు.

పగటి నిద్ర గురించి విడిగా చెప్పాలి. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, పంటిని కాపాడే పనివాడు సెలవు పెట్టినట్టే. పాలసీసా నోట్లో పెట్టుకుని పడుకునే పిల్లల్లో పై ముందు పళ్ళు ముందు పోతాయి. కింది ముందు పళ్ళు చాలావరకు బాగుంటాయి, ఎందుకంటే వాటిని నాలుక కప్పేస్తుంది, కింది లాలాజల గ్రంథులూ అక్కడే తెరుచుకుంటాయి. సీసా లేనిదే పడుకోని పిల్లకి ఒక్కరోజులో మాన్పించలేరు. వారం, పది రోజుల్లో పాలని కొంచెం కొంచెంగా నీళ్ళతో పల్చన చేస్తూ చివరికి ఉత్త నీళ్ళు చేయండి, ఇంట్లోనూ అదే వరస పాటించమని చెప్పండి. ఒకచోట పాలు, ఒకచోట నీళ్ళు అయితే పని జరగదు.

పడుకోబెట్టే ముందు ఇంకొకటి చూడాలి, చాలామంది చూడరు. కొందరు పిల్లలు ఆఖరి ముద్దను బుగ్గలో దాచుకుని అలాగే పడుకుంటారు. నోరు తెరిపించి రెండు బుగ్గల లోపలా చూడండి. పంటికే కాదు, గొంతుకు అడ్డం పడే ప్రమాదానికీ ఇదే జాగ్రత్త.

తరగతిలో పళ్ళు తోమించడం

మీ పరిస్థితిలో అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చే పని ఇదే. స్కాట్లాండ్‌లో చైల్డ్‌స్మైల్ కార్యక్రమం కింద నర్సరీల్లో పిల్లలు రోజూ పెద్దల పర్యవేక్షణలో ఫ్లోరైడ్ పేస్ట్‌తో తోముకుంటారు. ఆ కార్యక్రమానికి అయిన ఖర్చు కన్నా తర్వాత తప్పిన దంత చికిత్సల ఖర్చే ఎక్కువని అక్కడి లెక్కలు చెప్పాయి. దాని గొప్ప అంతా రోజూ జరగడంలోనే ఉంది. వారానికి రెండుసార్లు అద్భుతంగా చేసే కంటే రోజూ మామూలుగా చేసేది మేలు.

ఒక్క సింకు ఉంది కాబట్టి వరసలో నిలబెట్టే పద్ధతి మీకు పనికిరాదు. ఆరుగురు చొప్పున నాలుగు జట్లు చేసినా అరగంట పోతుంది, మిగిలిన 18 మందిని ఇంకో టీచర్ ఒక్కరే పట్టుకోవాలి. కుర్చీల్లో కూర్చోబెట్టి, సింకు లేకుండా తోమించండి. పన్నెండుమంది చొప్పున రెండు జట్లు, జట్టుకి ఒక టీచర్ అయితే మొత్తం పది, పన్నెండు నిమిషాల్లో అయిపోతుంది. ఏ పూట అన్నది పెద్ద విషయం కాదు. పులుపు రసాల్లాంటివి తాగిన వెంటనే మాత్రం వద్దు, అరగంట ఆగండి. ఎప్పుడూ వాయిదా పడని సమయం ఎంచుకోవడం ముఖ్యం, ఇంటికి వెళ్లే ముందు పెట్టుకుంటే మొదటి వారంలోనే ఎగిరిపోతుంది.

కావలసినవి: చిన్న తల, మెత్తని కుచ్చు, లావు పిడి ఉన్న బ్రష్ పిల్లకొకటి. పేరుతో పాటు ఒక బొమ్మ గుర్తు వేయండి, చదవడం రాని పిల్లకి చేపో, గొడుగో కావాలి. అదే గుర్తు బ్రష్ స్టాండులో ఆమె గుంట దగ్గరా ఉండాలి. పేస్ట్ మీద ఫ్లోరైడ్ మోతాదు చూసి కొనండి, కనీసం 1000 పీపీఎం (పది లక్షల భాగాల్లో వెయ్యి భాగాలు) ఉండాలి. "పిల్లల పేస్ట్" అని బొమ్మలు వేసినవాటిలో కొన్నిటికి ఫ్లోరైడ్ అసలుండదు, కొన్నిటికి 500 ఉంటుంది. డబ్బా మీద బొమ్మ కాదు, అంకె చూడాలి.

పేస్ట్ తీసే పద్ధతిలోనే ఎక్కువ పొరపాట్లు. ట్యూబుని ఒక్కో బ్రష్‌కి తాకిస్తూ వెళ్తే ఒకరి నోటి ఎంగిలి ఇంకొకరికి పోతుంది. శుభ్రమైన ప్లేటు అంచు చుట్టూ, ఒకదానికొకటి తగలకుండా, పిల్లకొక చుక్క పెట్టండి. ప్రతి పిల్లా తన చుక్కని తన బ్రష్‌తో ఎత్తుకుంటుంది. మూడేళ్ల లోపు వాళ్లకి బియ్యపు గింజంత పూత, మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకి బఠానీ గింజంత. మొదటి వారం అందరూ సరిగానే పెడతారు. నెల తిరిగేసరికి ఆ బఠానీ ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్ పొడుగునా పాకుతుంది. పేస్ట్ పెట్టే డబ్బా మూత మీద అసలు సైజులో రెండు చుక్కలు గీసి అతికించండి, చెయ్యి అదుపులో ఉంటుంది.

మింగేస్తారేమో అన్న భయానికి లెక్క ఇదీ. 1000 పీపీఎం అంటే గ్రాముకి 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్. బఠానీ గింజంత పేస్ట్ సుమారు పావు గ్రాము, అంటే 0.25 మిల్లీగ్రాము. అది మొత్తం మింగినా ఆరోజుకి ఏమీ కాదు. రోజూ ఎక్కువెక్కువ మింగితే లోపల తయారవుతున్న శాశ్వత పళ్ళ మీద తెల్లని మచ్చలు రావచ్చు, అందుకే ఈ కొలత. వెంటనే ఆసుపత్రికి పంపాల్సిన హద్దు శరీర బరువులో కిలోకి 5 మిల్లీగ్రాములు. 15 కిలోల పిల్లకి అది 75 మిల్లీగ్రాములు, వంద గ్రాముల ట్యూబులో ముప్పావు వంతు. అంతకంటే తక్కువకే కడుపునొప్పి, వాంతులు రావచ్చు. తియ్యని వాసన వచ్చే ట్యూబు అందే ఎత్తులో పెట్టకపోవడానికి కారణం ఇదే, చుక్కకి భయపడాల్సిన పని లేదు. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటిన ప్రాంతమైతే మాత్రం ముందు స్థానిక దంతవైద్యుణ్ణి అడిగి పేస్ట్ నిర్ణయించండి.

ఇక తోమడం. పిల్లలు కూర్చునే ఉండాలి. బ్రష్ నోట్లో పెట్టుకుని నడిచి, పడి, అంగిలికి గుచ్చుకోవడం ఈ వయసులో జరిగే ప్రమాదమే, దీనిమీద మినహాయింపు ఇవ్వకండి. మీరూ ఎదురుగా కూర్చుని మీ బ్రష్‌తో చూపించండి. ఎదురుగా ఉంటే కుడి ఎడమలు తారుమారు అవుతాయి కాబట్టి "కిటికీ వైపు బుగ్గ", "తలుపు వైపు బుగ్గ" అనండి. పిల్లల్ని వదిలేస్తే ముందు పళ్ళని మాత్రం టకటకా రుద్ది అయిపోయిందంటారు. అందుకే మొదలే వెనకనుంచి: కింది దవడ పళ్ళ మీద నమిలే వైపు, తర్వాత పైవి, తర్వాత బుగ్గవైపు చిగురంచు వెంబడి చిన్న చిన్న చుట్లు, ఆఖరున ముందు పళ్ళు, నాలుక వైపు. రెండు నిమిషాలు ఇసుక గడియారం పెట్టండి. కొత్తగా చేరిన మూడేళ్ల పిల్లలకి అర నిమిషంతో మొదలుపెట్టి వారానికి కొంత పెంచండి, లేకపోతే బ్రష్ నమలడం అలవాటు చేసుకుంటారు.

అయ్యాక టిష్యూలోకో, పేపరు కప్పులోకో ఉమ్మించి మూతి తుడవండి. పుక్కిలించొద్దు. ఇక్కడ టీచర్లే ఆగలేరు, నురగ చూస్తే నీళ్ళు ఇవ్వాలనిపిస్తుంది. నీళ్ళతో పుక్కిలిస్తే పంటి మీద కాసేపు ఉండాల్సిన ఫ్లోరైడ్ కొట్టుకుపోతుంది, సగం పని వృథా. ఇంట్లోవాళ్లు "నోరు కడిగించలేదేం" అని అడుగుతారు కాబట్టి ఈ మాట అనుమతి పత్రంలోనే రాసి పంపండి.

బ్రష్‌లు ఒక్కొక్కటిగా, పారే నీళ్ళ కింద, సింకుకి తగలకుండా కడిగి, విదిలించి, కుచ్చు పైకి ఉండేలా స్టాండులో నిలబెట్టండి. ఒకదాని కుచ్చు ఇంకోదానికి తగలకూడదు. గాలి ఆడాలి. ఒక్కో బ్రష్‌కి ప్లాస్టిక్ టోపీ పెట్టడం శుభ్రంలా కనిపిస్తుంది గానీ తడి ఆరక లోపల సూక్ష్మజీవులు పెరుగుతాయి. అందరి బ్రష్‌లూ ఒకే గిన్నెలో మందు నీళ్ళలో నానబెట్టడం అంతకంటే చెడ్డది, 24 నోళ్ల ఎంగిలి కలిపినట్టే. స్టాండు మరుగుదొడ్డికి దూరంగా ఉండాలి, వారానికోసారి సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టాలి.

నేల మీద పడ్డ బ్రష్ పారేయాలి. ఇద్దరు పిల్లలు బ్రష్‌లు మార్చుకుంటే రెండూ పారేసి రెండిళ్ళకీ ఆరోజే చెప్పాలి, దాచకూడదు. అందుకే పది బ్రష్‌లు ఎప్పుడూ అదనంగా ఉంచుకోండి. మూడు నెలలకోసారి మార్చడం మామూలు లెక్క, కుచ్చు విచ్చుకుంటే ఇంకా ముందే. ఒకే పిల్ల బ్రష్ ప్రతి నెలా విచ్చుకుంటోందంటే ఆమె తోమడం లేదు, నములుతోంది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని చేయించండి.

పెదవి మీద జ్వరపుండ్లు, చెయ్యి కాలు నోటి పొక్కుల జబ్బు, వాంతులు ఉన్న రోజుల్లో ఆ పిల్లకి బడిలో తోమించొద్దు. తగ్గాక కొత్త బ్రష్. చిగుళ్ళ నుంచి కొద్దిగా రక్తం వస్తే తోమడం ఆపకండి. పాచి పేరుకుని వాచిన చిగుళ్ళకి ఉండే లక్షణమే అది, మెత్తగా రోజూ తోమితే వారం పది రోజుల్లో తగ్గాలి, తగ్గకపోతే ఇంటికి చెప్పండి. అనుమతి పత్రంలో ఎలర్జీలు అడగండి. పాల ప్రోటీన్ నుంచి చేసిన పదార్థం కలిపే పేస్ట్‌లు కొన్ని ఉన్నాయి, పాలు పడని పిల్లకి అవి ప్రమాదం. గుండె జబ్బు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్న పిల్లలుంటే వాళ్ల వైద్యుడి మాట రాతపూర్వకంగా తీసుకోండి.

స్పర్శ, రుచి, నురగ భరించలేని పిల్లలు ప్రతి గదిలో ఒకరిద్దరు ఉంటారు. ఆటిజం ఉన్న పిల్లల్లో ఇది ఎక్కువ. వాళ్లకి బలవంతం చేస్తే ఏడాదంతా పోరాటమే. మొదటి వారం పొడి బ్రష్ చేతిలో పట్టుకోవడం, రెండో వారం పెదవికి తాకించడం, తర్వాత ఐదు లెక్కపెట్టేదాకా దవడ పళ్ళ మీద. నురగ రాని, రుచి లేని ఫ్లోరైడ్ పేస్టులు దొరుకుతాయి. పనుల వరసని బొమ్మల కార్డులుగా ఎదురుగా పెడితే తర్వాత ఏమొస్తుందో తెలిసి భయం తగ్గుతుంది.

ఒకటి మాత్రం తల్లిదండ్రులకి గట్టిగా చెప్పాలి: బడిలో తోమడం రాత్రి తోమడానికి బదులు కాదు. రాత్రి పడుకునే ముందు తోమడమే రోజులో అన్నిటికంటే ముఖ్యమైనది, తర్వాత నీళ్ళు తప్ప ఏమీ ఇవ్వకూడదు. ఏడెనిమిదేళ్ల దాకా పెద్దవాళ్లే తోమాలి, అంతదాకా చేతివేళ్లకి ఆ నేర్పు రాదు. పిల్ల వెనక నిలబడి తలని తమ కడుపుకి ఆనించుకుని, గడ్డం కొంచెం ఎత్తి తోమితే వెనక పళ్ళు బాగా కనిపిస్తాయి. ఆరేళ్ల ప్రాంతంలో చివరి పాలపన్ను వెనక, ఏ పన్నూ ఊడకుండానే, మొదటి శాశ్వత దవడ పన్ను వస్తుంది. దాన్ని పాలపన్ననుకుని వదిలేసేవాళ్లే ఎక్కువ. పెద్ద పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో ఈ ఒక్క సంగతి చెప్పినా చాలా పళ్ళు దక్కుతాయి.

నోరు చూడటం

రోగనిర్ధారణ మీ పని కాదు. గమనించడం మీ పని. నెలకోసారి, కిటికీ వెలుతురులో, "సింహంలా పళ్ళు చూపించు" అని పై పెదవి ఎత్తించండి, లేదా తల్లిదండ్రుల అనుమతి ఉంటే మీరే వేలితో మెల్లగా ఎత్తి చూడండి. చూడాల్సింది పై ముందు నాలుగు పళ్ళు చిగురుని కలిసే చోట. అక్కడ సుద్దముక్క గీసినట్టు తెల్లని, నిగనిగ లేని గీత కనిపిస్తే పుచ్చు మొదలైందని అర్థం. ఇది తిరిగి బాగుపడగల దశ, పన్నులో ఇంకా గుంత పడలేదు. ఎవరూ గమనించని దశ కూడా ఇదే, ఎందుకంటే తడిగా ఉన్న పంటి మీద ఆ గీత కనపడదు. టిష్యూతో ఒకసారి అద్ది చూడండి. పసుపు, గోధుమ రంగు గుంతలు పడ్డాయంటే దశ దాటింది. చిగురు మీద మొటిమ లాంటి బుడిపె ఉంటే అది చీము బయటికి వచ్చే దారి. నొప్పి లేదంటుంది పిల్ల, చీము దారి చూసుకుంది కాబట్టి నొప్పి తగ్గి ఉంటుంది. జబ్బు తగ్గలేదు.

ఈ వయసు పిల్లలు "పన్ను నొప్పి" అని చెప్పడం అరుదు. ఒక్క వైపే నమలడం, గట్టి తిండి పక్కన పెట్టేయడం, చల్లని నీళ్ళు వద్దనడం, తిండి బుగ్గలోనే నానబెట్టుకోవడం, నిద్రలోంచి చెంప పట్టుకుని లేవడం, చెవి రుద్దుకోవడం చూస్తే తేదీ వేసి రాసుకోండి. "తిండి విషయంలో మొండి" అని ముద్ర వేసే ముందు నోరు చూడండి.

ఒక సంగతి పొరపాటు పడే అవకాశం ఉంది. పుచ్చుని ఆపడానికి సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ అనే మందు పూస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దాన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. అది పూసిన చోట పుచ్చు నల్లగా, గట్టిగా మారుతుంది. కాబట్టి నల్లమచ్చ కనిపించగానే నిర్లక్ష్యం అనుకోకండి, ఆ పిల్ల చికిత్స తీసుకున్నదే కావచ్చు, అడిగి తెలుసుకోండి. ఫ్లోరైడ్ వార్నిష్ (పంటి మీద పూసే ఫ్లోరైడ్ పూత) పూసిన రోజు పళ్ళు కాస్త పసుపుగా కనిపించడమూ మామూలే. ఆరోజు తరగతిలో తోమించకండి.

ఇంటికి ఎలా చెప్పాలన్నది సగం పని. గేటు దగ్గర అందరి ముందూ వద్దు. "పుచ్చింది", "మీరు చూసుకోవడం లేదు" అనే మాటలు వద్దు. ఇలా రాయండి: "ఈ వారం పాప ఎడమ వైపే నములుతోంది. పై ముందు పళ్ళ మీద చిగురు దగ్గర తెల్లని గీతలు కనిపించాయి. ఇవి మొదట్లోనే చూపిస్తే గుంత పడకుండా ఆపవచ్చు. వీలైతే రెండు వారాల్లో దంతవైద్యునికి చూపించండి, ఏమన్నారో మాకు చెప్పండి." రెండు వారాలకి మళ్ళీ అడగండి. అడగకపోతే చాలా చీటీలు సంచిలోనే ఉండిపోతాయి. వెళ్లలేదంటే కారణం కనుక్కోండి: డబ్బా, సెలవా, భయమా, ప్రయాణమా. ఎక్కువసార్లు అడ్డు వీటిలో ఒకటే, చికిత్స ఉచితంగా దొరికే చోటు మీకు తెలిసి ఉంటే అక్కడే దారి తెరుచుకుంటుంది. నొప్పితో ఉన్న పిల్లని, వీలుండి కూడా, పదేపదే చెప్పినా చూపించకపోతే అప్పుడు అది పిల్లల రక్షణ విషయం, మీ సంస్థ నియమం ప్రకారం పైకి తెలపాలి.

చెంప వాపుతో జ్వరం, కంటి కింద దాకా పాకిన వాపు, నోరు తెరవలేకపోవడం, మింగలేకపోవడం: వీటిలో ఏది ఉన్నా రెండు వారాలు కాదు, ఆ గంటే ఆసుపత్రి.

దెబ్బలు

పడి పంటికి దెబ్బ తగిలితే ముందు తల సంగతి చూడండి: స్పృహ, వాంతి, మగత. తర్వాత రక్తం వస్తున్న చోట శుభ్రమైన గుడ్డతో పదినిమిషాలు నొక్కి పట్టుకోండి, మధ్యమధ్య తీసి చూడకండి. ఊడిన పన్ను కోసం వెతకండి. దొరకకపోతే అది ఊపిరిగొట్టంలోకి పోయి ఉండొచ్చు, లేదా చిగురులోకి పూర్తిగా దిగి ఉండొచ్చు, రెండింటికీ వెంటనే వైద్యుడు కావాలి. ఊడింది పాలపన్నైతే దాన్ని మళ్ళీ గుంటలో పెట్టకండి, కింద తయారవుతున్న శాశ్వత పన్ను దెబ్బతింటుంది. ఆరేళ్లు దాటిన పిల్లకి ఊడింది శాశ్వత పన్నైతే ఇందుకు పూర్తిగా వ్యతిరేకం: వేరు ముట్టుకోకుండా పన్ను తలభాగం (నోట్లో బయటికి కనిపించే వైపు) పట్టుకుని, మట్టి ఉంటే కొద్ది క్షణాలు కడిగి, వెంటనే గుంటలో పెట్టాలి. చేతకాకపోతే పాలలో వేసి, పిల్లనీ పన్నునీ వీలైతే అరగంటలోపే దంతవైద్యుడి దగ్గరికి చేర్చాలి. నీళ్ళలో మాత్రం వేయొద్దు, వేరు మీది కణాలు చచ్చిపోతాయి. దెబ్బ తగిలిన సమయం రాసిపెట్టండి, వైద్యుడు మొదట అడిగేది అదే. కొన్ని వారాల తర్వాత ఆ పన్ను బూడిద రంగుకి తిరగవచ్చు, అప్పుడు మళ్ళీ చూపించమని ఇంటికి ముందే చెప్పి ఉంచండి.

మిగతావి

"అల్లరి చేస్తే డాక్టరు సూది వేస్తాడు, పన్ను పీకేస్తాడు" అన్న మాట మీ గదిలో వినపడకూడదు, ఆయాల నోటి వెంట కూడా. ఆ ఒక్క బెదిరింపు ఏళ్ల తరబడి దంతవైద్యుడి కుర్చీ దగ్గర ఏడుపుగా బయటికొస్తుంది. పళ్ళు లెక్కపెట్టే ఆట ఆడండి, అద్దం చేతికిచ్చి 20 ఉన్నాయో లేదో చూసుకోనివ్వండి. క్రిముల రాక్షసుల బొమ్మలు నాకంత నచ్చవు. మూడేళ్ల పిల్లకి నోట్లో రాక్షసుడున్నాడంటే భయం తప్ప ఇంకేమీ అర్థం కాదు.

బొటనవేలు చీకడం చాలామంది నాలుగేళ్ల లోపు తమంతట తామే మానేస్తారు. తిట్టడం, చేదు పూయడం బడిలో వద్దు. చేతికి పని ఇవ్వండి. నాలుగు దాటినా గట్టిగా చీకుతూ పై ముందు పళ్ళకీ కింది ముందు పళ్ళకీ మధ్య సందు కనిపిస్తుంటే ఇంటికి చెప్పండి.

మొదలుపెట్టేటప్పుడు అన్నీ ఒకేసారి వద్దు. మొదటి రెండు వారాలు తినే వేళలు, నీళ్ళ సీసాలు మాత్రం సరిచేసి, ఈలోగా అనుమతి పత్రాలు తెప్పించుకోండి. మూడో వారం పేస్ట్ లేకుండా బ్రష్‌తో కూర్చోవడం, ఉమ్మడం, స్టాండులో పెట్టడం. ఆ వరస కుదిరాక నాలుగో వారం పేస్ట్. పేస్ట్ ముందు తెస్తే ఆ వారమంతా టేబుళ్ళు తుడుచుకోవడంతోనే సరిపోతుంది. పొడుగు సెలవులు వచ్చిన ప్రతిసారీ పాత బ్రష్‌లన్నీ పారేసి కొత్తవి తీయండి, తిరిగొచ్చిన మొదటి రెండు రోజులు మళ్ళీ పేస్ట్ లేకుండా చేయించండి, సగం మంది మరిచిపోయి ఉంటారు.